పాలపళ్ళు పలికిన సాక్ష్యం
అణుపరీక్షల నిషేధానికి తొలి అడుగు పడిన తీరు

రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికా, సోవియట్ యూనియన్ అనే రెండు అగ్రరాజ్యాల మధ్య నెలకొన్న వైరాన్ని ప్రచ్ఛన్న యుద్ధమని వ్యవహరిస్తాము. ఇది కేవలం సరిహద్దుల తగాదా కాదు. వ్యక్తి స్వేచ్ఛ, ప్రైవేటు ఆస్తి, బహుళపక్ష ఎన్నికలు ప్రాతిపదికగా గల వ్యవస్థయే మానవాళికి శ్రేయస్కరమని ఒక పక్షం వాదించింది. ఉత్పత్తి సాధనాలు సమాజపరమై, కమ్యూనిస్టు పార్టీ నాయకత్వాన సాగే వ్యవస్థయే సమానత్వానికి మార్గమని రెండవ పక్షం వాదించింది. తన సిద్ధాంతం యావత్ ప్రపంచానికీ వర్తిస్తుందని ప్రతి పక్షమూ విశ్వసించడం వల్ల, ఎదుటివారి ప్రతి విజయమూ తన ఉనికికే ముప్పుగా తోచింది. 1949లో నాటో కూటమి, 1955లో వార్సా కూటమి ఏర్పడ్డాయి.

ఈ సిద్ధాంత వైరానికి అణ్వస్త్రం తోడయింది. 1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి నగరాలు అమెరికా బాంబులకు గురి అయ్యాయి. 1949 ఆగస్టు 29న సోవియట్ యూనియన్ కజకిస్తాన్‌లోని సెమిపలాటిన్‌స్క్ ప్రాంతంలో తన తొలి అణుపరీక్ష జరిపింది. 1952 నవంబరు 1న అమెరికా పసిఫిక్ మహాసముద్రంలోని ఎనివెటాక్ దీవులలో ఉదజని బాంబు సూత్రాన్ని తొలిసారిగా పూర్తిస్థాయిలో పరీక్షించింది. నాగసాకి తరువాత యుద్ధంలో అణుబాంబు ప్రయోగం జరగలేదు. కాని పరీక్షల పేరిట పేలుళ్ళు సాగుతూనే వచ్చాయి. ఏ కూటమికీ చెందని సామాన్యులు కూడా వాటి ఫలితాన్ని ఎట్లా అనుభవించారు, ఆ పేలుళ్ళకు తొలి అడ్డుకట్ట ఎట్లా పడింది అన్నవి విద్యార్థులు తెలుసుకొనదగిన విషయాలు.

భయం నీడలో బడి

అణుయుద్ధం వస్తుందేమోనన్న భయం ఆనాటి బాలల దైనందిన జీవితంలో ప్రవేశించింది. 1951లో అమెరికా పౌర రక్షణ శాఖ ‘డక్ అండ్ కవర్’ అనే చిత్రాన్ని నిర్మింపజేసింది. ప్రమాదం కనిపించగానే తల లోపలికి ముడుచుకొనే ఒక తాబేలు బొమ్మ అందులో పిల్లలకు ఆదర్శం. మెరుపు కనిపించిన తక్షణం బల్లల కింద దూరి మెడను చేతులతో కప్పుకోవాలని బడులలో అభ్యాసం చేయించారు. సోవియట్ యూనియన్‌లో సైతం విద్యార్థులకు, కార్మికులకు పౌర రక్షణ శిక్షణ ఇచ్చేవారు.

ఈ శిక్షణ ప్రధానంగా పేలుడు క్షణాన్ని దృష్టిలో ఉంచుకొన్నది. కాని శత్రువు ఒక్క బాంబునైనా వేయకముందే, స్వదేశం జరిపిన పరీక్షల నుండి పుట్టిన ధూళి గాలిలో, నేలలో, పాలలో చేరుతున్నదన్న సంగతి వెలుగులోకి రావడానికి మరి కొన్ని సంవత్సరాలు పట్టింది.

బికినీ పేలుడు

1954 మార్చి 1న మార్షల్ దీవులలోని బికినీ వద్ద అమెరికా జరిపిన ఉదజని బాంబు పరీక్ష ఇందుకు నాంది. దాని శక్తి 15 మెగాటన్నులు. అంటే ఒకటిన్నర కోట్ల టన్నుల సాధారణ పేలుడు పదార్థానికి సమానం. శాస్త్రజ్ఞులు ముందుగా అంచనా వేసిన దానికి ఇది రెండు రెట్లకు మించినది. హిరోషిమా బాంబుతో పోలిస్తే సుమారు వేయి రెట్లు.

పేలుడులో పొడియైన పగడపు దిబ్బల ధూళి రేడియో ధార్మికతతో నిండి, గాలి వాటున తూర్పుగా సాగింది. సుమారు 160 కిలోమీటర్ల దూరంలోని రోంగెలాప్ దీవిపై అది తెల్లని పొడిగా రాలింది. దాని స్వభావం తెలియని పిల్లలు దానితో ఆడుకొన్నారు. దీవివాసులను అక్కడి నుండి తరలించేసరికి రెండు రోజులు గడిచాయి. 1957లో వారిని తిరిగి పంపించినా, ఆ నేల సురక్షితం కాదన్న భయంతో 1985లో వారు స్వయంగా దీవిని విడిచిపోవలసి వచ్చింది.

ప్రమాద ప్రాంతంగా ప్రకటించిన హద్దులకు వెలుపల చేపలు పట్టుకొంటున్న ‘ఫుకుర్యూ మారు’ అనే జపాను పడవపై కూడా ఆ ధూళి రాలింది. అందులోని 23 మంది జాలరులు అస్వస్థులయ్యారు. రేడియో ఆపరేటరు కుబోయామా అదే సంవత్సరం సెప్టెంబరు 23న మరణించాడు. టోక్యో నగరంలోని సుగినామి ప్రాంతపు గృహిణులు ప్రారంభించిన సంతకాల ఉద్యమం దేశమంతటా వ్యాపించి, 3 కోట్లకు పైగా సంతకాలను సేకరించింది. ఆ జాలరులు గాని, రోంగెలాప్ వాసులు గాని అగ్రరాజ్యాల సిద్ధాంత వివాదంలో కక్షిదారులు కారు.

భారతదేశం ప్రతిపాదన

బికినీ పేలుడు జరిగిన నెల రోజులకు, 1954 ఏప్రిల్ 2న, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ లోక్‌సభలో ఒక ప్రకటన చేశారు. సంపూర్ణ నిరాయుధీకరణ కుదిరే వరకు వేచి ఉండక, కనీసం పరీక్షా విస్ఫోటనాలనైనా నిలిపివేయాలని ఆయన కోరారు. ఆ ప్రకటనలోని మరొక అంశం అంతే ముఖ్యమైనది. ఈ ఆయుధాల విధ్వంసక శక్తిని, తెలిసిన ఫలితాలను, తెలియకపోయినా సంభవించగల ఫలితాలను ప్రజలకు పూర్తిగా వెల్లడించాలని ఆయన ప్రతిపాదించారు. విషయం తెలిసిన ప్రజాభిప్రాయమే ఈ సమస్యకు బలమైన విరుగుడు అన్నది ఆ ప్రతిపాదనలోని విశ్వాసం.

ఇతరులను కోరి ఊరుకోక, భారత ప్రభుత్వం తన వంతు కృషి చేసింది. డాక్టర్ డి.ఎస్. కొఠారి ఆధ్వర్యంలో సిద్ధమైన అణు విస్ఫోటనాల ఫలితాల అధ్యయనాన్ని 1956లో గ్రంథరూపంలో వెలువరించింది. అణు వికిరణ ప్రభావాలను పరిశీలించడానికి ఐక్యరాజ్యసమితి 1955 డిసెంబరులో నియమించిన 15 దేశాల శాస్త్రీయ సంఘంలో అమెరికా, సోవియట్ యూనియన్‌లతో పాటు భారతదేశం కూడా సభ్యత్వం వహించింది.

పాలపళ్ళ పరిశోధన

అణు విస్ఫోటనంలో పుట్టే పదార్థాలలో స్ట్రాంషియం-90 ఒకటి. దీని అర్ధాయువు సుమారు 29 సంవత్సరాలు. అంటే అంతకాలానికి దానిలో సగం మాత్రమే నశిస్తుంది. రసాయన లక్షణాలలో ఇది కాల్షియంను పోలి ఉంటుంది. వర్షంతో నేలకు దిగి గడ్డిలో చేరుతుంది. గడ్డి మేసిన ఆవు పాలలోకి, ఆ పాలు తాగిన బిడ్డ ఎముకలలోకి, పళ్ళలోకి ప్రవేశిస్తుంది. శరీరం దానిని కాల్షియంగా భావించి నిలవ చేసుకొంటుంది.

దీనిని జీవించి ఉన్న పిల్లలలో కొలవడం ఎట్లా? ఎముకను తీసి చూడలేము. కాని పాలపన్ను తనంత తానుగా ఊడిపోతుంది. అది తల్లి గర్భంలో ఉన్నప్పుడే రూపొందనారంభించి, తొలి నెలలలో గట్టిపడుతుంది కనుక, ఆనాటి ఆహారంలోని స్ట్రాంషియం లెక్క అందులో భద్రంగా ఉంటుంది. పాలపళ్ళను సేకరించి పరీక్షించవచ్చునని 1958లో హెర్మన్ కల్కార్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు సూచించాడు. అదే సంవత్సరం డిసెంబరులో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో శాస్త్రజ్ఞులు, గృహిణులు, ఉపాధ్యాయులు కలిసి ఈ పనికి పూనుకొన్నారు. డాక్టర్ లూయీజ్ రైస్ దీనికి నాయకత్వం వహించారు. పన్ను పంపిన ప్రతి పిల్లవానికి, తన పన్నును విజ్ఞానశాస్త్రానికి ఇచ్చానని తెలిపే బిళ్ళ ఒకటి ఇచ్చేవారు. క్రమంగా సుమారు 3 లక్షల పళ్ళు సమకూరాయి.

తొలి ఫలితాలు 1961 నవంబరులో ‘సైన్స్’ పత్రికలో వెలువడ్డాయి. 1950 దశకం ఆరంభం నుండి, పరీక్షలు పెరిగిన కొద్దీ, పళ్ళలో స్ట్రాంషియం కూడా పెరుగుతూ వచ్చిందని తేలింది. కంటికి కనిపించని ప్రమాదానికి ఒక కొలత దొరికింది.

మాస్కో ఒప్పందం

ఈలోగా పోటీ తీవ్రమైంది. 1958 నుండి స్వచ్ఛందంగా ఆపి ఉంచిన పరీక్షలను సోవియట్ యూనియన్ 1961 సెప్టెంబరు 1న పునఃప్రారంభించింది. బెల్‌గ్రేడ్‌లో అలీన దేశాల తొలి శిఖరాగ్ర సమావేశం ఆరంభమైనదీ ఆ దినమే. అమెరికా కూడా ఆ నెలలోనే పరీక్షలకు దిగింది. అక్టోబరు 30న నొవాయా జెమ్ల్యా దీవిపై సోవియట్ యూనియన్ పేల్చిన బాంబు శక్తి సుమారు 50 మెగాటన్నులు. మానవ చరిత్రలో అంతకు మించిన పేలుడు లేదు. 1962 అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణుల విషయమై రెండు రాజ్యాలూ యుద్ధపు అంచు వరకు వెళ్ళి వెనుకకు మరలాయి.

ఆ అనుభవం ఉభయ పక్షాలనూ ఆలోచింపజేసింది. 1963 జూన్‌లో వాషింగ్టన్, మాస్కోల మధ్య ప్రత్యక్ష వార్తా సంబంధానికి అంగీకారం కుదిరింది. ఆగస్టు 5న అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ మాస్కోలో పాక్షిక పరీక్షా నిషేధ ఒప్పందంపై సంతకాలు చేశాయి. వాతావరణంలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలు నిషిద్ధమయ్యాయి. అంతకు కొద్ది రోజుల ముందు ప్రజలనుద్దేశించి మాట్లాడుతూ అధ్యక్షుడు కెనెడీ పిల్లల ఎముకలకు, రక్తానికి కలిగే ప్రమాదాన్ని ప్రస్తావించారు. ఒప్పందం సంతకాలకు తెరవగానే, ఆగస్టు 8న, భారతదేశం అందులో చేరింది.

ఈ ఒప్పందానికి పరిమితులు లేకపోలేదు. భూగర్భ పరీక్షలను అది ఆపలేదు. ఫ్రాన్స్, చైనా అందులో చేరలేదు. 1974 వరకు ఫ్రాన్స్, 1980 వరకు చైనా వాతావరణంలో పరీక్షలు జరిపాయి. ఆయుధాల సంఖ్య పెరిగి 1980 దశకం మధ్యలో 60 వేలు దాటింది. సెమిపలాటిన్‌స్క్‌లో 1949-89 మధ్య 450కి పైగా పరీక్షలు జరిగాయి. అక్కడ 1989లో కవి ఒల్జాస్ సులేమెనోవ్ నాయకత్వాన ప్రజలు ఉద్యమించిన తరువాతనే 1991 ఆగస్టు 29న ఆ క్షేత్రం మూతబడింది. అయినప్పటికీ 1963 తరువాత పుట్టిన పిల్లల పళ్ళలో స్ట్రాంషియం తగ్గుముఖం పట్టడం వాస్తవం. ఆ మేరకు ఒప్పందం సార్థకమైంది.

మనకు వర్తించే పాఠం

సోవియట్ యూనియన్ 1991లో అంతరించింది. సిద్ధాంత వైరం రూపు మారింది. ఆయుధాలు మాత్రం మిగిలాయి. భారతదేశం 1974లోను, 1998 మే నెలలోను పరీక్షలు జరిపింది. 1998 మే నెలాఖరున పాకిస్తాన్ కూడా జరిపింది. అందువల్ల ఈ చరిత్ర మనకు పరుల కథ కాదు. రెండు దేశాలూ ఒకరి అణుకేంద్రాలపై మరొకరు దాడి చేయరాదని 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకొన్నాయి. దాని ప్రకారం 1992 నుండి ప్రతి జనవరి 1న అణుకేంద్రాల జాబితాలను ఇచ్చిపుచ్చుకొంటున్నాయి. సంబంధాలు ఎంత క్షీణించిన సంవత్సరాలలోనూ ఈ ఆచారం ఆగలేదు.

ఏ సిద్ధాంతాన్ని రక్షించడానికి బాంబును పేల్చారో ధూళికి తెలియదు. అది పెట్టుబడిదారీ దేశపు బిడ్డకూ, సోషలిస్టు దేశపు బిడ్డకూ, ఈ రెండింటికీ చెందని జాలరికీ సమానంగానే హాని చేసింది. ఆ హానిని కొలిచి ప్రజలకు తెలియజెప్పిన తరువాతనే ప్రభుత్వాలపై ఒత్తిడి పెరిగింది. ఆ కొలతకు ఆధారాన్ని అందించిన వారిలో ఆరేడేళ్ళ పిల్లలూ ఉన్నారు. దేశరక్షణ విషయాలు నిపుణులకే పరిమితమని పౌరులు ఊరుకొనరాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.