మిలటరీ షూటర్ గేమ్‌లు: సింగిల్ ప్లేయర్, మల్టీప్లేయర్‌పై అవగాహన

ఆన్‌లైన్ గేమింగ్‌పై పార్లమెంటు 2025లో ప్రత్యేక చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్ ఆసియా క్రీడల్లో పతకాల పోటీగా మారింది. పోటీ పరీక్షల శాస్త్ర సాంకేతిక విభాగంలోనూ, వర్తమాన అంశాల్లోనూ, జనరల్ ఎస్సేలోనూ వీడియో గేమ్‌లపై ప్రశ్నలకు ఇప్పుడు మంచి ఆస్కారం ఉంది. అయితే వీటన్నింటినీ 'తుపాకుల ఆటలు' అని ఒకే గాటన కట్టేస్తే సమాధానంలో పస ఉండదు. ఒకే గేమ్‌లోని సింగిల్ ప్లేయర్, మల్టీప్లేయర్ భాగాలు ఉద్దేశంలో, సాంకేతికతలో, ఆడేవారిపై చూపే ప్రభావంలో వేర్వేరు. ఆ తేడాను 2007 నవంబరులో విడుదలైన 'కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడర్న్ వార్‌ఫేర్' ఆధారంగా తెలుసుకుందాం.

ఫస్ట్ పర్సన్ షూటర్ అంటే?

పాత్ర కళ్లతోనే ఆటగాడు ప్రపంచాన్ని చూసే షూటింగ్ గేమ్ ఇది. తెరపై చేతులు, ఆయుధం మాత్రమే కనిపిస్తాయి. ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ రూపొందించిన 'వోల్ఫెన్‌స్టీన్ 3డీ' (1992), 'డూమ్' (1993) ఈ తరహాకు గట్టి పునాది వేశాయి. డూమ్‌లో ఒంటరిగా ఆడే దశలతో పాటు, నెట్‌వర్క్ ద్వారా నలుగురి వరకు కలిసి ఆడే వీలు కల్పించారు. ఒకే గేమ్‌లో రెండు విధానాలు ఉండటం అప్పటి నుంచి ఆనవాయితీ అయింది.

రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంగా వచ్చిన 'మెడల్ ఆఫ్ ఆనర్' (1999), 'బ్యాటిల్‌ఫీల్డ్ 1942' (2002), 'కాల్ ఆఫ్ డ్యూటీ' (2003) మిలటరీ షూటర్లను జనంలోకి తీసుకెళ్లాయి. అమెరికా సైన్యం 2002లో 'అమెరికాస్ ఆర్మీ' గేమ్‌ను తానే విడుదల చేసి, సైనిక నియామకాల ప్రచారానికి వాడుకుంది.

సింగిల్ ప్లేయర్: కథే ప్రాణం

ఒంటరిగా ఆడే కథా భాగాన్ని 'క్యాంపెయిన్' అంటారు. ఇందులో ప్రత్యర్థులను నడిపేది కంప్యూటర్. శత్రువు ఎక్కడి నుంచి రావాలి, ఏ క్షణాన గోడ కూలాలి, సహచరుడు ఏం మాట్లాడాలి అన్నవి రూపకర్తలు ముందే రాసిపెడతారు. మోడర్న్ వార్‌ఫేర్‌లో కొన్నిచోట్ల ఆటగాడు ముందుకు కదిలేవరకు శత్రువులు వస్తూనే ఉంటారు. దాక్కుని కూర్చుంటే పోరు తెగదు. ఒక హద్దు దాటగానే వారి రాక ఆగిపోతుంది. రిక్రూట్, రెగ్యులర్, హార్డెన్డ్, వెటరన్ అనే నాలుగు స్థాయుల్లో కాఠిన్యాన్ని ఎంచుకోవచ్చు.

ఈ క్యాంపెయిన్‌లో ఆటగాడు ప్రధానంగా బ్రిటన్ ఎస్ఏఎస్ సైనికుడు 'సోప్' మెక్‌టావిష్‌గా, అమెరికా మెరైన్ సార్జెంట్ పాల్ జాక్సన్‌గా ఆడతాడు. ఒక దశలో జాక్సన్ దళం కూలిన హెలికాప్టర్ నుంచి పైలట్‌ను రక్షించి వెనుదిరుగుతుంది. అంతలో అణు విస్ఫోటం జరుగుతుంది. తర్వాతి 'ఆఫ్టర్‌మాత్' దశలో జాక్సన్ హెలికాప్టర్ శకలాల్లోంచి పాక్కుంటూ బయటికొస్తాడు. చుట్టూ శిథిల నగరం, ఎదురుగా పుట్టగొడుగు ఆకారంలో పైకి లేస్తున్న మేఘం. ఆటగాడు నాలుగడుగులు వేయించగలడు, అంతే. ఏ బటన్ నొక్కినా జాక్సన్ బతకడు. గెలిపించడానికే పుట్టిన మాధ్యమం ఇక్కడ నిస్సహాయతను అనుభవంలోకి తెస్తుంది. కథ రచయిత చేతిలో ఉంటేనే ఇది సాధ్యం.

మల్టీప్లేయర్: మనిషితో మనిషి పోటీ

ఇందులో ప్రత్యర్థులు కూడా మనుషులే. కథ ఉండదు, నియమాలు ఉంటాయి. 'టీమ్ డెత్‌మ్యాచ్'లో ఎదుటి జట్టు వారిని ఎక్కువగా పడగొట్టాలి. 'డామినేషన్'లో మూడు స్థావరాలను నిలబెట్టుకోవాలి. 'సెర్చ్ అండ్ డిస్ట్రాయ్'లో ఒక జట్టు బాంబు పెడుతుంది, మరో జట్టు అడ్డుకుంటుంది. ఈ చివరిదాన్ని మినహాయిస్తే, చాలా పోటీల్లో చనిపోయిన ఆటగాడు కొద్ది సెకన్లలో తిరిగి బరిలోకి దిగుతాడు. కబడ్డీలో అవుటైన ఆటగాడు మళ్లీ కోర్టులోకి వచ్చినట్టే ఇక్కడ మరణం ఆటలో ఒక నియమం, విషాదం కాదు.

మోడర్న్ వార్‌ఫేర్ ఈ రంగాన్ని మలుపు తిప్పింది. చనిపోకుండా వరుసగా ముగ్గురిని పడగొడితే శత్రువుల ఆచూకీ చూపే నిఘా విమానం, ఐదుగురికి వైమానిక దాడి, ఏడుగురికి హెలికాప్టర్ దక్కుతాయి. ఆడేకొద్దీ ర్యాంకు 55 వరకు పెరుగుతుంది. కొత్త ఆయుధాలు, 'పెర్క్' అనే అదనపు సామర్థ్యాలు అందుబాటులోకి వస్తాయి. క్యాంపెయిన్ పూర్తయితే కథ కంచికి చేరుతుంది. మల్టీప్లేయర్‌కు అలాంటి ముగింపు లేదు. ఆటగాణ్ని రోజూ రప్పించే శక్తి ఈ ర్యాంకుల నిచ్చెనలోనే ఉంది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో గేమ్‌లు ఇదే పద్ధతిని అనుసరించాయి. అదే సిరీస్‌లోని 'బ్లాక్ ఆప్స్ 4' (2018) సంప్రదాయ క్యాంపెయిన్ లేకుండానే విడుదలైంది.

నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుంది?

సింగిల్ ప్లేయర్‌లో లెక్కలన్నీ ఆటగాడి యంత్రంలోనే జరుగుతాయి. మల్టీప్లేయర్‌లో అందరి కదలికలూ సర్వర్‌కు చేరాలి. సర్వర్ నిర్ణయించిందే తుది ఫలితం. సమాచారం సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని 'పింగ్' అంటారు. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు.

ఉదాహరణకు, ప్రత్యర్థి సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెడుతున్నాడనుకుందాం. 80 మిల్లీసెకన్లలో అతడు 40 సెంటీమీటర్లు జరిగిపోతాడు. అంటే తెరపై గురి సరిగ్గా కుదిరినా, సర్వర్ లెక్కలో అతడు అక్కడ ఉండడు. ఈ అన్యాయాన్ని సరిదిద్దేదే 'ల్యాగ్ కాంపెన్సేషన్'. కాల్పులు జరిపిన క్షణంలో ఆటగాడి తెరపై ఎవరు ఎక్కడ కనిపించారో సర్వర్ వెనక్కి వెళ్లి లెక్కగడుతుంది. గోడ చాటుకు చేరాక కూడా ఒక్కోసారి తూటా తగలడానికి కారణం ఇదే.

తేడాలు ఒక్కచూపులో

- ప్రత్యర్థి: సింగిల్ ప్లేయర్‌లో కంప్యూటర్, మల్టీప్లేయర్‌లో మనుషులు.
- ముగింపు: మొదటిదానికి ఉంటుంది, రెండోదానికి ఉండదు.
- మరణం: మొదటిదాంట్లో కథకు మలుపు కావచ్చు, రెండోదాంట్లో స్కోరు.
- ఆయుష్షు: మొదటిది ఎన్నేళ్లయినా ఆడుకోవచ్చు, రెండోది సర్వర్లపై ఆధారపడుతుంది. అమెరికాస్ ఆర్మీ సర్వర్లను 2022లో మూసేశారు.
- రేటింగ్: అమెరికాలోని గేమ్‌ల రేటింగ్ సంస్థ ఈఎస్ఆర్‌బీ మోడర్న్ వార్‌ఫేర్‌కు 17 ఏళ్లు పైబడినవారికి వర్తించే 'ఎం' రేటింగ్ ఇచ్చింది. ఆన్‌లైన్‌లో అపరిచితులు మాట్లాడే మాటలు ఈ సంస్థ రేటింగ్ పరిధిలోకి రావు.

ఆరోగ్య కోణం

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-11లో 'గేమింగ్ డిజార్డర్'ను చేర్చింది. ఈ వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆటపై అదుపు కోల్పోవడం, మిగతా పనులకన్నా దానికే ప్రాధాన్యమివ్వడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం గేమింగ్ డిజార్డర్ లక్షణాలు. ఎన్ని గంటలు ఆడారన్న దాన్ని మాత్రమే బట్టి దీన్ని నిర్ధారించరు. ప్రధానంగా ఆన్‌లైన్, ప్రధానంగా ఆఫ్‌లైన్ అని ఐసీడీ-11 కూడా దీన్ని విడదీసి చూపుతుంది.

భారత్‌లో నియంత్రణ

- 2020 సెప్టెంబరు 2: ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద పబ్‌జీ మొబైల్ సహా 118 యాప్‌లపై నిషేధం. కేంద్రం చూపిన కారణం దేశ సార్వభౌమత్వం, భద్రత. ఆటలోని హింస కాదు.
- 2021 జులై: పబ్‌జీ మొబైల్‌కు భారతీయ రూపమైన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా విడుదల. 2022 జులైలో నిలిచిపోయి, 2023 మేలో తిరిగి వచ్చింది.
- తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించి, పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి.
- దేశం వెలుపల చూస్తే, 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పబ్‌జీ మొబైల్‌ను మార్చి ఆడించారు. అందులో ఆటగాళ్లు ఒకరినొకరు కాకుండా లక్ష్యాలను కాల్చారు.
- 2025 ఆగస్టు 22: ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం. ఈ-స్పోర్ట్స్, ఆన్‌లైన్ సోషల్ గేమ్స్, ఆన్‌లైన్ మనీ గేమ్స్ అని మూడు వర్గాలు. మనీ గేమ్స్ నిర్వహిస్తే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా.

మాదిరి ప్రశ్నలు

1. పబ్‌జీ మొబైల్‌ను ఐటీ చట్టంలోని ఏ సెక్షన్ కింద నిషేధించారు?
జవాబు: సెక్షన్ 69ఏ.

2. ల్యాగ్ కాంపెన్సేషన్ ప్రధానంగా దేనికి ఉపయోగపడుతుంది?
జవాబు: నెట్‌వర్క్ ఆలస్యం వల్ల ఆటగాడి గురికి జరిగే అన్యాయాన్ని సరిదిద్దడానికి.

3. 'యుద్ధ నేపథ్య వీడియో గేమ్‌లన్నింటినీ ఒకే కొలమానంతో చూడలేం.' చర్చించండి.
సూచన: క్యాంపెయిన్‌ను సినిమా, నవలల్లా అందులోని దృశ్యాలు, సందేశాన్ని బట్టి అంచనా వేయాలి. వయసు రేటింగ్ ఇక్కడ అక్కరకొస్తుంది. మల్టీప్లేయర్‌లో పరిశీలించాల్సినవి వేరు: ఎవరితో ఆడుతున్నారు, ఏం మాట్లాడుకుంటున్నారు, డబ్బు ప్రమేయం ఉందా, ఆపగలుగుతున్నారా? నిషేధమొక్కటే పరిష్కారమనీ, ఆట కాబట్టి హాని లేదనీ తేల్చేయకుండా, ఏ భాగానికి ఏ నియంత్రణ తగినదో ఉదాహరణలతో రాస్తే సమాధానానికి సమతూకం వస్తుంది.