గరాటులో ఎండుటాకు

ఆటోనగర్, విజయవాడ.

మేనల్లుడికి,

కొండవాగుల మీద పరిశోధన చేసేవాళ్ల దగ్గర ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆటోనగర్లో వైరింగ్ నేర్చుకున్నవాడికి అడవిలో ఏం పని అని ఆవిడ దిగులు. ఆ పనిలోనే రిటైరైనవాణ్ణి కాబట్టి చెబుతున్నా, వాళ్లకు కావలసింది నీలాంటివాడే. టిప్పింగ్ బకెట్ వానమాపకం లోపల ఏముంటుందనుకున్నావు? తక్కెడలా రెండు చిన్న గిన్నెలు. ఒకటి నిండి ఒరిగితే రెండోది గరాటు కిందికొస్తుంది. ఒరిగినప్పుడల్లా అయస్కాంతం రీడ్ స్విచ్ పక్కగా పోయి కాంటాక్ట్ ఇస్తుంది. సాధారణంగా ఒక్కో టిప్పుకు 0.2 మిల్లీమీటర్ల వాన. బండి స్పీడు సెన్సర్లు విప్పినవాడికి ఇదో లెక్కా?

లెక్క చెడేది ఎక్కువగా గరాటులోనే. ఎండుటాకు ఒక్కటి అడ్డం పడితే గంటలో కురిసిన కుండపోత రాత్రంతా బొట్టుబొట్టుగా దిగుతుంది. మొత్తం దాదాపు సరిపోతుంది గానీ, కాగితం మీద కుండపోత కాస్తా తుంపరై కూర్చుంటుంది. కొండవాగు దగ్గర తెలియాల్సింది వాన ఎంత జోరుగా పడిందన్నది. బుడమేరును చూశాంగా. మైలవరం వైపు కొండల్లో పుట్టి, మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోని వాగు 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్‌ను ముంచేసింది. కృష్ణ కూడా పొంగి, మరునాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నదే నిండి ఉంటే బుడమేరును కృష్ణలోకి మళ్లించే కాలవ నీళ్లు ఎటు పోతాయి? గట్లు తెగాయి. పైన ఏ గంటకు ఎంత పడిందో తెలిస్తే కిందివాళ్లకు సామాన్లు మేడ మీదికి చేర్చుకునే టైమన్నా దొరుకుతుంది.

అందుకే వెళ్లిన ప్రతిసారీ గరాటు విప్పు. చీమలు, సాలెగూళ్లు దులుపు. 200 చదరపు సెంటీమీటర్ల గరాటులో 400 మిల్లీలీటర్ల నీళ్లు సన్నగా వదిలితే వంద టిప్పులు రావాలి. వదిలిన టైము నోటుబుక్కులో ఎక్కించు. లేకపోతే మిట్టమధ్యాహ్నం ఎండలో 20 మిల్లీమీటర్ల వాన కురిసిందని ఎవరో పీహెచ్‌డీ రాసేస్తాడు.

బ్యాటరీ చచ్చిన రోజు గడి ఖాళీగా వదిలెయ్యి, సున్నా వెయ్యకు. సున్నా వేశావంటే వాన పడలేదని సాక్ష్యం చెప్పినట్టే. పైవాళ్లు గడులన్నీ నింపమన్నా సరే.

పెద్ద వరద పోయాక వాగు అడుగు మారుతుంది. స్కేలు మీద అదే మట్టం కనిపిస్తున్నా పారే నీళ్లు వేరు. కరెంట్‌మీటరుతో మళ్లీ కొలవాల్సిందే. అలాగని ఉధృతిలో దిగావో, ఊరుకోను. వంతెన ఉంటే దాని మీంచి కొలువు, లేదంటే ఆ గడి కూడా ఖాళీగా పోనీ.

సోలార్ పలక పోతుందని కంచెలు వేస్తుంటారు. అక్కడి పశువుల కాపరికి పెట్టె తెరిచి చూపించు, కంచెకన్నా బాగా కాస్తాడు.

పెన్ను వద్దు, తడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. పెన్సిల్ పెట్టుకో. మల్టీమీటరు, ఫ్యూజులు, టెర్మినళ్లకు గ్రీజు నీ పాత షాపులోనే కొనుక్కుని వెళ్లు. మొదటి జీతం రాగానే గమ్‌బూట్లు కొను, మీ అమ్మకు చీర రెండో నెల. ఈ ఒక్క ముక్కా ఆవిడకు చదివి వినిపించకు.

మీ మామయ్య