ఆస్ప్రిన్ పడదంటే ఒక్క ఆస్ప్రినే కాదు

ఉబ్బసంతో మా ఓపీకి వచ్చేవారిని మేము తప్పకుండా అడిగే ప్రశ్నలు మూడున్నాయి. ఎప్పుడైనా నొప్పి మాత్ర వేసుకున్నాక ఆయాసం వచ్చిందా? ముక్కులో కండ పెరిగిందని ఏ డాక్టరైనా చెప్పారా? పోపు వేస్తే వాసన తెలుస్తోందా? మూడవ ప్రశ్న వినగానే చాలామంది నవ్వుతారు. "ఆయాసమని వస్తే పోపు సంగతి అడుగుతారేంటి సిస్టరమ్మా" అంటారు. అలా అడగడం మాకు ఒక రాత్రి డ్యూటీలో అలవాటైంది.

చాలా ఏళ్ల కిందటి మాట. మా సర్జికల్ వార్డులో గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్న ఒక తల్లి ఉన్నారు. వయసు నలభై దాటింది. చేరిన రోజునే "నాకు ఆస్ప్రిన్ పడదమ్మా" అని చెప్పారు. కేస్ షీటు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో రాశాము కూడా. ఆపరేషన్ జరిగిన రాత్రి నొప్పి ఎక్కువగా ఉందన్నారు. షీటులో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ రాసి ఉన్నది, ఇచ్చాము. రాసిన డాక్టరుగారు ఎర్ర అక్షరాలు చూశారు, ఇచ్చిన మేమూ చూశాము. ఇచ్చినది ఆస్ప్రిన్ కాదు కదా అనుకున్నాము. అరగంట కాకముందే ఆమెకు ముక్కు ధారగా కారడం మొదలైంది. కళ్లు ఎర్రబడ్డాయి, ముఖం కందిపోయింది, తరువాత పిల్లికూతలు. పక్క మంచం దగ్గర ఉన్న ముసలమ్మ కేక వేస్తే పరుగెత్తాము. మేము వెళ్లేసరికి ఆమె మంచం అంచు పట్టుకొని కూర్చుని ఉన్నారు, పెదవులు నీలం తిరిగాయి. ఆక్సిజన్, నెబ్యులైజర్, అడ్రినలిన్, స్టిరాయిడ్ ఇంజెక్షన్లు. తెల్లవార్లూ ఆమె మంచం దగ్గరే ఉన్నాము. ఆమె బతికారు. ఉదయం మాట వచ్చాక అడిగిన మొదటి ప్రశ్న, "పడదని చెప్పాను కదమ్మా, మళ్లీ ఎందుకిచ్చారు?" అప్పుడు మా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు ఈ పాఠంలో రాస్తున్నాము. మా నర్సింగ్ విద్యార్థినులూ, ఇంట్లో ఉబ్బసం మనిషి ఉన్నవారూ ఇద్దరూ చదవాలని కోరిక.

ఎందుకిలా జరుగుతుంది?

మన ఒంట్లోని కణాల పొరలలో ఒక కొవ్వు పదార్థం ఉంటుంది, పేరు అరాకిడోనిక్ ఆమ్లం. చెరువు నీరు రెండు తూముల గుండా వెళ్లినట్టు ఇది రెండు దారులలో వెళుతుంది. ఒక దారిలో ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. నొప్పి, జ్వరం, వాపు కలిగించేవి ఇవే. రెండవ దారిలో లూకోట్రైన్లు తయారవుతాయి. ఇవి ఊపిరి గొట్టాలను బిగించి, లోపల వాపు, కఫం పెంచుతాయి. ఆస్ప్రిన్ మొదటి తూమును మూసేస్తుంది. అది ఎలా పనిచేస్తుందో 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టారు. 1982లో ఆయనకూ మరి ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

మొదటి దారిలో తయారయ్యే వాటిలో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనేది ఒకటి. అది లూకోట్రైన్లకు పగ్గం వేసి పట్టుకొని ఉంటుంది. చాలామందికి ఆ పగ్గం కాస్త సడలినా ఏమీ కాదు. కొందరు ఉబ్బసం రోగులలో మాత్రం ముందే ఆ పగ్గం బలహీనంగా ఉంటుంది, లూకోట్రైన్లు ముందే ఎక్కువగా ఉంటాయి. అటువంటివారు మాత్ర వేసుకుంటే ఉన్న కాస్త పగ్గమూ తెగిపోతుంది. అరగంట నుంచి మూడు గంటల లోపల ముక్కు, కళ్లు, ఊపిరితిత్తులు అన్నీ ఒక్కసారి తిరగబడతాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. వేరుశనగ పడనివారిలో జరిగేది వేరు, ఇది వేరు. అక్కడ శరీరం ఆ ఒక్క పదార్థాన్ని గుర్తుపట్టి ఎదురు తిరుగుతుంది. ఇక్కడ ఆ తూమును మూసే మందు ఏదైనా సరే, పేరు ఏదైనా సరే, ఇదే జరుగుతుంది. మేము ఇచ్చిన డైక్లోఫెనాక్ ఆ తూమునే మూసింది. ఆమె ప్రశ్నకు జవాబు అదే. చర్మం మీద గుచ్చి చేసే అలర్జీ పరీక్షలో, రక్త పరీక్షలో ఇది తేలకపోవడానికి కారణమూ అదే. అనుమానం తీరాలంటే అన్ని ఏర్పాట్లూ ఉన్న ఆసుపత్రిలో, డాక్టరు ఎదుట, చాలా తక్కువ మోతాదు నుంచి మందు ఇచ్చి చూడాలి. ఇంట్లో వేసుకొని చూద్దామని ఎవరూ అనుకోకండి.

ముక్కుతో సంబంధం

ఆస్ప్రిన్ బజారులోకి వచ్చింది 1899లో, జర్మనీలో. ఆస్ప్రిన్ పడకపోవడం, ఉబ్బసం, ముక్కులో కండ, ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి వస్తాయని 1922లో ఫ్రాన్సులో ఫెర్నాండ్ విడాల్ అనే డాక్టరు తన సహచరులతో కలిసి రాశారు. ఈ పేరు మన పల్లెల్లో కూడా తెలుసు. టైఫాయిడ్ అనుమానం వస్తే చేయించే విడాల్ టెస్టు ఈయన పేరు మీదే ఉంది. అప్పట్లో ఆ మాట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1968లో అమెరికాలో మాక్స్ సామ్టర్, రోలాండ్ బీర్స్ అనే డాక్టర్లు మళ్లీ వివరంగా రాసిన తరువాతనే వైద్య లోకానికి బాగా తెలిసింది. అందుకే దీనిని సామ్టర్ త్రయం అని కూడా అంటారు.

ఇది చాలావరకు ముప్పై, నలభై ఏళ్ల మధ్యలో మొదలవుతుంది, చిన్న పిల్లల్లో అరుదు. మొదట ఒక పడిశం వస్తుంది, అది తగ్గదు. ముక్కు దిబ్బడ అలాగే ఉండిపోతుంది. మెల్లగా వాసన పోతుంది. కూర మాడినా తెలియదు, గ్యాసు లీకైనా తెలియదు. ముక్కులో ద్రాక్షగుత్తుల్లాగా మెత్తని కండ పెరుగుతుంది. ఆపరేషన్ చేసి తీసేసినా మళ్లీ పెరుగుతుంది. అటు తరువాత ఆయాసం మొదలవుతుంది. ఏదో ఒక రోజు తలనొప్పికో ఒళ్లు నొప్పులకో మాత్ర వేసుకుంటారు, అప్పుడు బయటపడుతుంది. "పదేళ్లుగా ఇదే మాత్ర వాడుతున్నానమ్మా, ఎన్నడూ ఏమీ కాలేదు" అని వాదించేవారు మాకు తరచు కనపడతారు. ఆ మాట నిజమే కావచ్చు. ఈ జబ్బు మధ్య వయసులో వస్తుంది కాబట్టి పదేళ్ల కిందటి అనుభవం ఈ రోజుకు పూచీ కాదు.

ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి కొద్దిగా మద్యం తాగినా ముక్కు బిగిసి ఆయాసం వస్తుంది. ఈ సంగతి మగవారిని ఇంటివాళ్ల ఎదుట అడిగితే జవాబు రాదు. విడిగా అడగాలని మా అమ్మాయిలకు చెబుతుంటాము.

ఎంతమందికి ఉంటుంది అంటే, ఉబ్బసం ఉన్న పెద్దవారు నూరుమందిలో సుమారు ఏడుగురికి. ఉబ్బసం తీవ్రంగా ఉన్నవారిలో నూటికి పదిహేనుమంది వరకు. మిగతావారు ఈ వ్యాసం చదివి భయపడవద్దు. ముఖ్యంగా గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు రోజూ వేసుకునే ఎకోస్ప్రిన్ మాత్రను, దానితో ఇబ్బంది లేనప్పుడు, ఉబ్బసం ఉందన్న భయంతో సొంతంగా మానేయకూడదు. స్టెంట్ పూడుకుపోతే ప్రాణానికే ముప్పు. అనుమానం ఉంటే గుండె డాక్టరును అడగండి, క్లోపిడోగ్రెల్ వంటి వేరే మందులు ఉన్నాయి.

ఏ మందులు?

డిస్ప్రిన్, ఎకోస్ప్రిన్ ఆస్ప్రినే. బ్రూఫెన్ ఐబుప్రోఫెన్. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ రెండూ ఉన్నాయి. వోవెరాన్ డైక్లోఫెనాక్. నెలసరి నొప్పికి ఆడపిల్లలు వేసుకునే మెఫ్టాల్‌లో మెఫెనమిక్ ఆమ్లం ఉంటుంది. నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్, పైరాక్సికామ్, కీటోరొలాక్, అసెక్లోఫెనాక్ కూడా ఈ కుటుంబమే. పన్ను నొప్పికి, మోకాళ్ల నొప్పికి, నడుం పట్టుకు మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే మాత్రల్లో ఎక్కువ ఇవే ఉంటాయి. అందులోనూ రెండు మూడు మందులు కలిపి చేసిన మాత్రలతో ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే పైన పెద్ద అక్షరాలతో ఉన్న పేరులో లోపలి మందు కనపడదు. స్ట్రిప్పు వెనక సన్న అక్షరాలు చదవాలి. కళ్లద్దాలు లేకపోతే షాపు అబ్బాయి చేత చదివించండి. పూత మందులను కూడా మరచిపోవద్దు, నొప్పికి రాసే జెల్‌లలో చాలావాటిలో డైక్లోఫెనాక్ ఉంటుంది.

మరి నొప్పి వస్తే, జ్వరం వస్తే ఏమి చేయాలి? పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర చాలామందికి పడుతుంది. ఒకేసారి రెండు మాత్రలు, అంటే 1000 మిల్లీగ్రాములు వేసుకుంటే వీరిలో కొందరికి ఆయాసం రావచ్చు, ఆ పని చేయకండి. సెలెకాక్సిబ్, ఎటోరికాక్సిబ్ అనేవి వేరే రకంగా పనిచేస్తాయి కనుక సాధారణంగా పడతాయి, అయితే మొదటి మోతాదు డాక్టరు ఎదుట వేసుకోవాలి. ఆపరేషన్ నొప్పికి ట్రమడాల్ వంటివి డాక్టరు రాస్తారు.

రాత్రిపూట వేసుకునే మాంటెలుకాస్ట్ లూకోట్రైన్ల పనిని అడ్డుకుంటుంది. కొందరికి మంచి గుణం కనిపిస్తుంది. కానీ అది వాడుతున్నాను కదా అని నొప్పి మాత్ర వేసుకోవచ్చనుకుంటే పొరపాటు. పెద్ద ఆసుపత్రులలో ఆస్ప్రిన్‌నే కొంచెం కొంచెంగా పెంచుతూ ఇచ్చి శరీరానికి అలవాటు చేసే పద్ధతి కూడా ఉంది. అలవాటయ్యాక ప్రతిరోజూ వేసుకోవాలి, కొద్ది రోజులు మానితే ఆ అలవాటు పోయి మళ్లీ మొదటికొస్తుంది. దాని వల్ల ముక్కులో కండ తిరిగి పెరగడం కూడా నెమ్మదిస్తుంది. పెరిగిన కండకు ఇటీవల డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్ వచ్చింది కానీ ఖరీదు మా రోగులలో చాలామందికి అందేది కాదు. రోజూ పీల్చే స్టిరాయిడ్ ఇన్‌హేలర్, ముక్కులో కొట్టుకునే స్ప్రే మానకుండా వాడటం అందరికీ అవసరం. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మానేసేవారిని చూస్తే మాకు కోపం వస్తుంది, దాచుకోము.

దద్దుర్ల సంగతి కూడా ఒక మాట. ఆరు వారాలకు మించి దద్దుర్లతో బాధపడేవారిలో కొందరికి ఇవే నొప్పి మాత్రలు దద్దుర్లను, పెదవుల వాపును ఎక్కువ చేస్తాయి. వారికి ఉబ్బసం లేకపోయినా పైన చెప్పిన పేర్లు గుర్తుంచుకోవాలి.

మాత్ర వేసుకున్నాక ముక్కు కారుతూ ఆయాసం మొదలైతే మనిషిని పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి. నీలం రంగు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఉంటే స్పేసర్‌తో ఒక్కొక్క పఫ్ చొప్పున నాలుగైదు పీల్పించండి. వెంటనే 108కి ఫోను చేయండి. కాస్త తగ్గినా ఆసుపత్రికి రావాలి, గంటల తరువాత మళ్లీ ఎక్కువ కావచ్చు. వేసుకున్న మాత్ర స్ట్రిప్పు చేత్తో పట్టుకు రండి.

ఆ రాత్రి తరువాత మేము "ఆస్ప్రిన్ పడదు" అని మాత్రమే రాయడం మానుకున్నాము. దాని కింద డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మొదలు అన్ని పేర్లూ రాస్తాము. రోగి చేతికి తెలుగులో ఒక కార్డు ఇస్తాము. ఆ తల్లికీ ఇచ్చాము. కొన్నేళ్ల తరువాత ఆమె వేరేచోట కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకొని, వారిచ్చిన చుక్కల మందు వేసుకోకుండా తిన్నగా మా దగ్గరకు వచ్చారు. కార్డు, సీసా పక్కపక్కన పెట్టి, "ఇందులో అది లేదు కదమ్మా?" అని అడిగారు. సీసా మీద కీటోరొలాక్ అని ఉంది. కంట్లో వేసే చుక్కలే అయినా ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తాయి, ఆయాసం తెప్పించగలవు. కంటి డాక్టరుతో ఫోనులో మాట్లాడి మందు మార్పించాము.

మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసంతోపాటు ముక్కు దిబ్బడ, వాసన తెలియకపోవడం ఉంటే, పాత మందుల చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు ఒక సంచిలో వేసుకొని ఓపీకి తీసుకురండి. కార్డు రాసిస్తాము. ఆధార్ కార్డుతో కలిపి పెట్టుకోండి, పంటి డాక్టరుకైనా, ఊళ్లోని ఆర్.ఎం.పి. డాక్టరుకైనా మందు రాయకముందే చూపించండి.