కైమ్ అంటే అన్నిచోట్లా క్రిమేనా?

ప్రశ్న: జర్మన్ ల్యాబ్‌ల ఆహార పరీక్షల రిపోర్టులను ఇంగ్లీషులోకి మారుస్తుంటాను. ‘కైమ్‌త్సాల్’ను ‘జెర్మ్ నంబర్’ అని రాస్తే తప్పన్నారు. మరేం రాయాలి?

జవాబు: తప్పన్నవారిదే ఒప్పు. ‘కైమ్’ అంటే మొలక కావచ్చు, పిండం కావచ్చు, సూక్ష్మజీవి కావచ్చు. ల్యాబ్‌వాళ్లు లెక్కపెట్టేది మాత్రం ప్లేటు మీద పెరిగిన కాలనీలను. అందుకే ‘కాలనీ కౌంట్’ లేదా ‘వయబుల్ కౌంట్’ అనాలి. పక్కనే కనిపించే ‘కా బే ఏ’ అనే పొడి అక్షరాలు ఇంగ్లీషులో ‘సీఎఫ్‌యూ’ అవుతాయి. ‘కైమ్‌ఫ్రై’తోనూ జాగ్రత్త: పరికరమైతే ‘స్టెరైల్’, ప్రయోగశాల ఎలుకైతే ‘జెర్మ్ ఫ్రీ’.

పాత గ్రంథాల జోలికి వెళితే తిప్పలు ఇంకా ఎక్కువ. 19వ శతాబ్దపు రచనల్లోని ‘ష్పాల్ట్‌పిల్త్స్’కు మాటకు మాట అర్థం చీలే శిలీంధ్రం. ‘ఫంగస్’ అని రాశారో, కొంప మునిగినట్టే. వాళ్లు చెప్పేది బ్యాక్టీరియా గురించి. రాబర్ట్ కోహ్ 1876లో రాసిన వ్యాసంలోని ‘మిల్త్స్‌బ్రాండ్’ కూడా అంతే. ప్లీహం, మంట అంటూ విడగొట్టకండి, అది ఆంత్రాక్స్. నిఘంటువు కన్నా, అదే పరీక్ష మీద ఇంగ్లీషువాళ్లే రాసిన రిపోర్టు ఒకటి పక్కన పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

మాటలు కుదిరాక అంకెలూ చూడండి. జర్మన్‌లో దశాంశానికి కామా, వేలకు చుక్క పెడతారు. అక్కడి 1.500 ఒకటిన్నర కాదు, పదిహేను వందలు.