చేను నాది, దాని కిందిది ఎవరిది?
ప్రశ్నలు - జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం బళ్ళారి సరిహద్దు నుంచే వచ్చాయి. అన్నీ భూమి, గని, లీజుల గొడవలే కాబట్టి ఒకచోట చేర్చాం. అడిగినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మాది హచ్చొళ్ళి. పహణిలో నా పేరు మీద ఏడెకరాల నల్లరేగడి ఉంది. ముత్తాత కాలం నుంచి మాదే. ఈమధ్య ఇద్దరు మనుషులు వచ్చి మట్టి, రాయి శాంపిళ్లు తీసుకుపోయినారు. మళ్లీ వచ్చి, మీ చేని కింద ఖనిజం ఉంది, ఎకరాకు ఇంతని అడ్వాన్సు ఇస్తాం, ఖనిజ హక్కులు మా కంపెనీకి రాసియ్యండని స్టాంపు పేపరు ఇచ్చిపోయినారు. ఊళ్లో కొందరు ‘చేను నీదైతే కిందిది కూడా నీదే’ అంటారు. కొందరు ‘అడుగు దాటితే అంతా సర్కారుదే’ అంటారు. సంతకం పెట్టొచ్చా?

జవాబు: పెట్టకండి. అడ్వాన్సు కూడా తీసుకోకండి.

మీ ఊళ్లో రెండు వర్గాలూ చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది. పైన ఉన్న భూమి, కింద ఉన్న ఖనిజం, ఆ ఖనిజాన్ని తవ్వే అనుమతి. చట్టం దృష్టిలో ఇవి మూడు వేరు వేరు హక్కులు. మూడూ ఒకరి చేతిలోనే ఉండాలని లేదు. నేను చూసిన గని తగాదాల్లో చాలా మటుకు ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చినవే.

‘కిందిది కూడా నీదే’ అనేవాళ్ల మాటకు బలమైన ఆధారం 2013 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన త్రేసియమ్మ జేకబ్ తీర్పు. కేరళ మలబారు భూముల కేసు అది. తీర్పు రాసినది మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. భూగర్భ సంపద అంతా ప్రభుత్వానిదేనని ప్రకటించే చట్టం దేశంలో లేదనీ, చట్టబద్ధంగా ఆ హక్కును తీసేస్తే తప్ప అది మామూలుగా భూమి యజమానిదేననీ అందులో తేల్చారు. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసిన మన జిల్లాల్లో కూడా, మలబారులో లాగే, పాలన మద్రాసు ప్రభుత్వానిది. తర్వాత మన్రో హయాంలో రైత్వారీ పట్టాలు వచ్చాయి. అందుకని ఈ తీర్పు చూడగానే మనవాళ్లకు ఆశ పుడుతుంది.

కానీ మీరు ఇప్పుడు ఉన్నది కర్ణాటకలో. కర్ణాటక భూ రెవెన్యూ చట్టం, 1964లోని 70వ సెక్షను ప్రకారం గనులు, ఖనిజాల మీద హక్కు రాష్ట్ర ప్రభుత్వానిది. అంతకు ముందున్న చట్టం గానీ, ప్రభుత్వం ఇచ్చిన దత్తపత్రం గానీ వేరే విధంగా చెబితేనే మినహాయింపు. కాబట్టి ముత్తాత కాలం నాటి పట్టా, సెటిల్‌మెంటు రికార్డు, ఇనాం కాగితం లాంటివి ఏవి ఇంట్లో ఉన్నా భద్రంగా పెట్టుకోండి. రేపు కోర్టులో వాదించాల్సి వస్తే మాట్లాడేది అవే. ఇవాళ్టి పహణి మీ సాగు హక్కును చూపిస్తుంది గానీ ఖనిజం గురించి ఏమీ చెప్పదు.

సరే, ఖనిజం మీదేనని రుజువైందనే అనుకుందాం. అప్పుడు కూడా స్టాంపు పేపరు మీద రాసిచ్చి తవ్వించడం కుదరదు. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం 4వ సెక్షను ప్రకారం లైసెన్సు లేనిదే అన్వేషణ చేయరాదు, లీజు లేనిదే తవ్వరాదు. ఇనుము, మాంగనీసు, బంగారం లాంటి పెద్ద ఖనిజాలకు 2015 జనవరి నుంచి, ప్రభుత్వ సంస్థలకు కేటాయించినవి తప్ప, లీజులు వేలంలోనే ఇస్తున్నారు. మీరు సంతకం పెట్టినంత మాత్రాన ఆ కంపెనీకి లీజు రాదు. మరి ఆ కాగితం వాళ్లకెందుకు? రేపు ఎవరికైనా చూపించి డబ్బు లేపడానికి కావచ్చు, మీ చేతులు కట్టేయడానికి కావచ్చు. కట్టడపు రాయి, కంకర, మామూలు ఇసుక లాంటి చిన్న ఖనిజాలకు రాష్ట్రం వేరే నియమాలు పెట్టింది. పట్టాదారు సమ్మతికి అక్కడ విలువ ఉంది. అయినా గనులు, భూవిజ్ఞాన శాఖ అనుమతి లేకుండా ఒక ట్రాక్టరు కదిలినా నేరమే. అక్రమంగా తవ్వితే 5 ఏళ్ల దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. తవ్వినవాడు పారిపోతే నోటీసు మొదట వచ్చేది చేను గలవాడికే.

శాంపిళ్లు తీసినవాళ్లు మళ్లీ వస్తే, ఏ ఉత్తర్వు మీద తీస్తున్నారో దాని నకలు అడగండి. చూపించకపోతే సిరుగుప్ప తహసీల్దారుకు, బళ్ళారిలోని గనుల శాఖ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోండి.

ఒకవేళ నిజంగానే లీజు పుచ్చుకున్న సంస్థ వస్తే, అదే 1957 చట్టం 24ఏ సెక్షను ప్రకారం దానికి మీ చేలో దిగే హక్కు ఉంటుంది. మీకు నష్టపరిహారం హక్కు ఉంటుంది. సాగు భూమికి ఏటా ఇచ్చే పరిహారాన్ని అలాంటి భూమి మీద గడిచిన 3 ఏళ్ల నికరాదాయం సగటును బట్టి కడతారు. మన రైతులు దెబ్బ తినేది ఇక్కడే. వరి మిల్లుకు తోలిన చీటీ, పత్తి, మిరప అమ్మిన బిల్లు, ఎరువుల రసీదు ఏదీ ఉంచుకోరు. ఆదాయం చూపలేనివాడికి అధికారి తోచినంత రాస్తాడు. ఈ పంట నుంచే చీటీలన్నీ దాచండి.

ప్రశ్న: మాది సిరుగుప్ప. మా నాయన ఇంకో ఇద్దరితో కలిసి భాగస్వామ్యం మీద హొసపేట దగ్గర ఇనుప ఖనిజం లీజు పెట్టుకున్నారు. ఆయన కాలం చేసి రెండేళ్లు దాటింది. ‘లీజు వ్యవహారమంతా నా చేతిలో ఉంది, ఆడపిల్లలకు గనిలో వాటా ఉండదు’ అంటాడు మా అన్న. ఇంట్లో రాసుకున్న ఒప్పందం ఒకటి చూపిస్తాడు. అమ్మ, నేను కూడా అందులో సంతకాలు చేసినాం. ఏమని చేసినామో అప్పుడు మాకు తెలీదు.

జవాబు: అమ్మా, ముందు తేదీ చూసుకోండి. భాగస్వామ్య పత్రంలో వేరే విధంగా రాసుకోకపోతే, భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. అలా రద్దయిన సంస్థ లెక్కలు అడుగుతూ దావా వేయడానికి గడువు 3 ఏళ్లే. రెండేళ్లు దాటాయంటున్నారు కాబట్టి ఈ నెలలోనే వకీలును కలవండి. మిగతాదంతా తర్వాత.

గనిలో ఆడపిల్లకు వాటా లేదన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. సంస్థలో మీ నాయనగారి వాటా ఆయన స్వార్జితమైతే, వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షను ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉంటే ఆయన తల్లికి, అందరికీ సమానంగా వస్తుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చిన 2005 సవరణ దాకా దీనికి పోనక్కరలేదు. వీలునామా ఉందని మీ అన్న అంటే దాని నకలు అడగండి. సంస్థ రద్దు కాకుండా నడుస్తూనే ఉండి, లెక్క తేల్చకపోతే, మీ నాయనగారి వాటా వాడుకున్నందుకు వచ్చిన లాభం గానీ, ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ వారసులు ఎంచుకోవచ్చని భాగస్వామ్య చట్టం చెబుతోంది.

ఇక లీజు. అది ఆస్తి పంపకంలో రాసి పంచుకునే పొలం కాదు. ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మారాలంటే ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. ప్రభుత్వానికి తెలియకుండా గనిని పక్కవాడి చేతిలో పెట్టి నడిపించడం బళ్ళారి జిల్లాలో ఎంత దూరం పోయిందో 2011 జూలైలో లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే ఇచ్చిన నివేదికలో ఉంది. ఆ నెల 29న సుప్రీంకోర్టు జిల్లాలో తవ్వకాలే ఆపేసింది. 2013 ఏప్రిల్ 18న అక్రమాలు మితిమీరిన ‘సి’ తరగతి లీజుల రద్దును ఖాయం చేసింది.

ఇంట్లో రాసుకున్న ఒప్పందం గురించి అడిగారు. దేశంలో ఇంతకంటే పెద్ద అన్నదమ్ముల తగాదా మన కృష్ణా గోదావరి గ్యాసు మీదే జరిగింది. 2005లో అంబానీ సోదరులు తల్లి సమక్షంలో కుటుంబ ఒప్పందం రాసుకున్నారు. అన్న కంపెనీ తమకు గ్యాసు ఏ ధరకు ఇవ్వాలన్నది దాన్నిబట్టే తేలాలని తమ్ముడి కంపెనీ వాదించింది. 2010 మే 7న సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఇంట్లో రాసుకున్నది కంపెనీని కట్టడి చేయదనీ, గ్యాసు దేశ ప్రజలదనీ, ఎవరికి ఏ ధరకు అన్నది ప్రభుత్వ విధానాన్ని బట్టే ఉండాలనీ చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ముగ్గురు న్యాయమూర్తుల్లో జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారు తెలుగువారు. మీకు పనికివచ్చే సంగతి ఏమిటంటే, కుటుంబ ఒప్పందం కుటుంబ సభ్యుల మధ్య డబ్బు లెక్కకు చెల్లొచ్చు గానీ, లీజును మీ అన్నగారికి కట్టబెట్టలేదు. తెలియక చేసిన సంతకాన్ని కోర్టులో సవాలు చేయవచ్చు. దానికీ ఆలస్యం పనికిరాదు.

అసలు ఆ లీజు బతికి ఉందా అన్నది కూడా కనుక్కోండి. సొంత ఫ్యాక్టరీ లేకుండా ఖనిజం అమ్ముకునే పాత లీజుల్లో, 50 ఏళ్లు నిండినవి చాలా మటుకు 2020 మార్చి 31తో ముగిశాయి. అదే జరిగి ఉంటే మిగిలింది గని కాదు, అమ్మిన ఖనిజానికి వచ్చిన డబ్బు, రావాల్సిన బాకీలు. మీరు అడగాల్సింది వాటి లెక్క. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర భాగస్వాముల వివరాల నకలు, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర లీజు దస్తావేజు నకలు తీసుకుని వకీలు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మాది డి.హీరేహాళ్ మండలం. మా పొలానికి అవతలి కొండ ఆంధ్రదా, కర్ణాటకదా అన్నది ఇద్దరు సర్వేయర్లు రెండు రకాలుగా చెబుతున్నారు. లీజు హద్దు రాయి మా గట్టు మీదికి వచ్చింది. ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి, సిరుగుప్ప మైసూరుకు పోయాయి. కాగితం మీద గీసిన ఆ గీత అడవిలోనూ కొండ మీదా ఎక్కడ నడుస్తుందో రాళ్లు పాతి చూపించకపోవడం వల్ల వచ్చిన నష్టం మీ ప్రాంతానికి బాగా తెలుసు. ఓబుళాపురం గనుల కేసుకు మూలం అక్కడే ఉంది. లీజు ఒక రాష్ట్రంలో, తవ్వకం ఇంకో రాష్ట్రంలో జరిగిందన్నది ఆరోపణ. 2009లో సీబీఐ కేసు పెట్టింది. 2025 మే 6న హైదరాబాదు ప్రత్యేక కోర్టు గాలి జనార్దనరెడ్డి తదితరులకు 7 ఏళ్ల శిక్ష వేసింది. తర్వాత తెలంగాణ హైకోర్టు అప్పీలు తేలేదాకా ఆ శిక్షను నిలిపింది. సరిహద్దు మీదున్న కొన్ని కర్ణాటక లీజులను హద్దు తేలేవరకు నడపరాదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది.

రాష్ట్రాల హద్దు మీరూ నేనూ తేల్చేది కాదు. మీ గట్టు మాత్రం మీరు తేల్చుకోవచ్చు. మీ సర్వే నంబరుకు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు తీసుకోండి, తహసీల్దారు కార్యాలయంలో రుసుము కట్టి కొలతకు దరఖాస్తు పెట్టండి, కొలిచేటప్పుడు లీజుదారుకు నోటీసు ఇమ్మని రాతలో కోరండి. ఎవరు పాతిన రాయి అయినా మీరు పీకకండి. ఫొటో తీసి, తేదీ వేసి దరఖాస్తుకు జత చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో ఇల్లు కొన్నాడు. స్థలం కింద చమురు, గ్యాసు హక్కులు పాత యజమాని ఉంచుకున్నట్టు దస్తావేజులో ఉందట. మోసపోయాడా?

జవాబు: మోసం కాదు, అక్కడ అది మామూలే. భూమి యజమానికే ఖనిజం చెందడం, దాన్ని విడిగా అమ్మడం, తన దగ్గరే ఉంచుకుని నేల ఒక్కటే అమ్మడం అక్కడి చట్టంలో చెల్లుతాయి. టెక్సస్‌లో ఖనిజ హక్కు ఉన్నవాడికి, తవ్వుకోవడానికి అవసరమైనంత మేరకు నేలను వాడుకునే హక్కు కూడా ఉంటుంది. కాబట్టి పైనేల వాడకాన్ని వదులుకుంటున్నట్టు దస్తావేజులో షరతు ఉందో లేదో మీ అబ్బాయిని చూసుకోమనండి.

ప్రశ్న: మేం హచ్చొళ్ళి దగ్గర క్యాంపులో ఉంటాం. తాతలనాడు గోదావరి జిల్లా నుంచి వచ్చి తుంగభద్ర కాలువ కింద స్థిరపడ్డాం. రాజోలు వైపు కొబ్బరితోట ఇంకా ఉంది. దాంట్లోంచి గ్యాసు పైపు పోతుందని కబురు వచ్చింది. గ్యాసులో మాకు వాటా అడగొచ్చా?

జవాబు: గ్యాసులో వాటా రాదండీ. నేల మీద తీసే చమురు, గ్యాసుకు కేంద్రం ఆమోదంతో రాష్ట్రం లీజు ఇస్తుంది, రాయల్టీ రాష్ట్రానికి పోతుంది. తోట యజమానికి దక్కేది నష్టపరిహారం.

పైపులకు 1962 నాటి ప్రత్యేక చట్టం వర్తిస్తుంది. భూమి మీ పేరు మీదే ఉంటుంది, దాన్ని వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. దానికి ఇచ్చేది ఆ మేరకు భూమి మార్కెట్ విలువలో 10 శాతం. చెట్లు, పంట పోయిన నష్టం దానికి అదనం. అయితే పైపు పోయిన ఆ పట్టీలో మీరు ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరితోటకు ఇది శాశ్వత నష్టం. తీసేసే ఒక్కో చెట్టు వయసు, కాపు రాయించి, రాబోయే ఏళ్ల దిగుబడి నష్టాన్ని కూడా లెక్కలో అడగండి. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు పైపు పేలి ప్రాణాలు పోయిన సంగతి కోనసీమ మరిచిపోలేదు. ఇళ్లకు పైపు ఎంత దూరంలో వెళ్తుందన్నది కూడా అభ్యంతరంలో రాయండి.

గెజిట్ ప్రకటన వచ్చిన 21 రోజుల్లోగా అభ్యంతరం అధికారికి రాతలో చేరాలి. మీరు ఉండేది హచ్చొళ్ళిలో, నోటీసు అంటించేది రాజోలులో. అక్కడ నమ్మకస్తులైన బంధువులకు ఇవాళే ఫోన్ చేసి, నోటీసు కనబడగానే ఫొటో పంపమని చెప్పండి.