స్వల్ప దూరమునకు పాత కారు

మా ఇంటికిని కళాశాలకును నడుమ దూరము 7 కిలోమీటర్లు. పోనురాను 14. ఏడాదికి 220 పనిదినములు చొప్పున లెక్కించినచో 3,080 కిలోమీటర్లగును. పెండ్లిండ్లకు, ఆసుపత్రికి, పండుగలకు కాకినాడయో అమలాపురమో వెళ్లివచ్చుటను కలిపినను 4,000కు మించదు. గోదావరి డెల్టాలో ఉద్యోగము చేయు మధ్యతరగతివారిలో అనేకుల లెక్క ఇంచుమించు ఇట్లే యుండును. ఇంత కొద్దిగా తిరుగువానికి ఎట్టి పాత కారు తగునన్న ప్రశ్నను మేము సకాలమున వేసికొనక నష్టపోతిమి. రేపో మాపో ఉద్యోగములలో చేరి మొదటి కారు కొనబోవు మా విద్యార్థులు అదే త్రోవ పట్టకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వడ్డీకి అప్పు తెచ్చుట మాకు సమ్మతము కాదు. కనుక చేతనున్న సొమ్ముతోనే కొనవలెను. అది పలు సంవత్సరములు కూడబెట్టిన సొమ్ము. ఒకసారి తప్పటడుగు వేసినచో మరల అంత కూడబెట్టుటకు ఎన్ని యేండ్లు పట్టునో చెప్పనక్కరలేదు. అయినను మేము లీటరుకు 20 కిలోమీటర్లు వచ్చునన్న మాటకు మురిసి, 2020 తరువాత తయారైన డీజిలు కారొకటి కొంటిమి. రీడింగు తక్కువ, రంగు చెడలేదు, చల్లని ఏ.సి. ఇంకేమి కావలెననుకొంటిమి.

ముందు లెక్క చూతము. పెట్రోలు లీటరు రూ. 110, డీజిలు రూ. 98 అనుకొందము. పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు నడచినచో 4,000 కిలోమీటర్లకు 250 లీటర్లు, అనగా రూ. 27,500. డీజిలు కారు 20 నడచినచో 200 లీటర్లు, రూ. 19,600. ఏడాదికి మిగులునది రూ. 7,900. అదే తరగతి డీజిలు బండికి లక్ష రూపాయలు అధికముగా చెల్లించినచో ఆ లక్ష తిరిగి వచ్చుటకు పండ్రెండేండ్లు దాటును. అప్పటికి బండియే యుండదు. దినమునకు వంద కిలోమీటర్లు తిరుగువానికి ఈ లెక్క పూర్తిగా తలక్రిందులగును. డీజిలు బండిది తప్పు కాదు, మన ప్రయాణమునకు అది తగదు, అంతే.

సొమ్ము సంగతి అటుంచి, ఇంజను సంగతి ఇంకను ముఖ్యమైనది. భారత్ స్టేజ్-6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలులోనికి వచ్చినవి. అప్పటినుండి డీజిలు కార్ల పొగగొట్టములో మసిని పట్టి యుంచు వడపోత యొకటి అమర్చుచున్నారు. దానిని డి.పి.ఎఫ్. అందురు. పట్టిన మసి అందే కాలి బూడిద కావలెను. అందులకు పొగ వేడి సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు చేరవలెను. పెద్దరోడ్డుపై ఇరువది నిమిషములు ఆగక నడచినగాని ఆ వేడి పుట్టదు. మా కారు ఏడు కిలోమీటర్లు పోవుసరికి కళాశాల గేటు వచ్చును. మధ్యలో రైల్వేగేటు, సంత, ఎడ్లబండ్లు. మసి కాలుట మొదలుపెట్టకమునుపే తాళము తీసెదము. నాలుగు నెలలలో హెచ్చరిక దీపము వెలిగెను. ఆరవ నెలలో బండి వేగము అందుకొనుట మానెను. శుభ్రపరచుటకు మెకానిక్కు చెప్పిన మొత్తము మా నెలజీతములో సగమునకు తక్కువ కాలేదు. ఆ తరువాత మరల అదే కథ.

పెట్రోలు కారునకును స్వల్ప ప్రయాణము కొంత కీడే చేయును, కాని భరింపదగిన కీడు. ఇంధనము కాలునపుడు నీటియావిరి పుట్టునని రసాయనశాస్త్ర విద్యార్థులెరుగుదురు. ఇంజను పూర్తిగా వేడెక్కనిచో ఆ యావిరి చల్లబడి నీరై, కొంత ఆయిలులో కలియును, కొంత సైలెన్సరులో నిలిచి లోపలినుండి తుప్పు పట్టించును. కనుక మనవంటివారు ‘పదివేల కిలోమీటర్లు కాలేదు గదా’ అని ఆయిలు మార్పును వాయిదా వేయరాదు. కిలోమీటర్లతో పని లేక ఏడాదికొకసారి మార్పించవలెను. బ్యాటరీయు అంతే. స్టార్టు చేయుటకు వ్యయమైన విద్యుత్తు తిరిగి నిండునంత కాలము బండి నడువకపోవుటచే అది ముందుగా చచ్చును.

ఇక ‘తక్కువ తిరిగిన బండి మంచిది’ అన్న లోకోక్తివంటి నమ్మకమును కొంచెము పరిశీలింపవలెను. పదేండ్లలో 20,000 మాత్రమే తిరిగిన కారుకంటె ఆరేండ్లలో 60,000 తిరిగి, ఏటేట సర్వీసు చేయించిన కారు మేలు కావచ్చును. నిలిచియున్న కారునకు రబ్బరు ఎండును, బ్రేకులు పట్టును, టైర్లు బిరుసెక్కును. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును. 2319 అనియున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. గాడి లోతు చూచి మోసపోక ఆ అంకె చూడవలెను. మీటరు అంకె త్రిప్పబడెనేమోనని అనుమానము కలిగినచో పెడళ్ల రబ్బరును, స్టీరింగు అరుగుదలను, డ్రైవరు సీటు అంచును చూడుడు. 30,000 తిరిగిన కారునకు పెడలు నున్నబడదు.

డెల్టాలో పరీక్షింపవలసిన మరియొకటి నీరు. 2022 జూలైలో ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైబడి వరద వచ్చి కోనసీమ లంకలు మునిగినవి. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వీధులలో బండ్లు నీట మునిగినవి. మునిగిన బండ్లన్నియు తుక్కుకు పోవు. కడిగి, ఎండబెట్టి, అత్తరు చల్లి అమ్మకమునకు పెట్టువారుందురు. ఎంత కడిగినను బురద కొన్నిచోట్ల దాగియుండును. సీటుబెల్టును చివరివరకు లాగి చూడవలెను, లోపలి కొసన మట్టిచార కనిపించును. సీట్ల క్రింది బోల్టులు, స్టెప్నీ యుండు గుంట, డ్యాష్‌బోర్డు క్రింది తీగల ముళ్లు, కార్పెట్టు అడుగు, ఇవి తడిమి చూడవలెను. అంతర్వేది, ఉప్పాడ వంటి తీరగ్రామములలో నిలిపిన బండియైనచో ఉప్పుగాలికి అడుగుభాగము తినివేయబడియుండును. లిఫ్టుపై ఎక్కించి చూడనిదే తెలియదు. మెకానిక్కునకు ఇచ్చు ఐదువందలకు వెనుకాడరాదు.

ఈ సందర్భమున సహీహ్ ముస్లిం గ్రంథమందలి ఒక వృత్తాంతము మాకు గుర్తువచ్చుచున్నది. ప్రవక్త మహనీయులు (స) మదీనా అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలినది. వానకు తడిసినదని వర్తకుడు చెప్పగా, అట్లయిన ఆ తడిగింజలను జనులకు కనబడునట్లు పైననే ఎందుకుంచలేదని అడిగి, మోసము చేయువాడు తమవాడు కాడనిరి. వరదలో మునిగిన కారు అట్టి ధాన్యరాశియే. దాచిన లోపము బయటపడినచో సరుకును తిరిగి ఇచ్చివేయు హక్కు కొనుగోలుదారునకు ఇస్లామీయ ధర్మశాస్త్రమున కలదు. మన దేశపు 1930 నాటి వస్తువిక్రయ చట్టము మాత్రము సాధారణముగా కొనువాడే చూచుకొనవలెనను సూత్రమును అనుసరించును. కాబట్టి చట్టము కాపాడునని కన్ను మూసికొనరాదు.

కాగితముల విషయము క్లుప్తముగా చెప్పెదము. యానాము పుదుచ్చేరి ప్రాంతములోనిదగుటచే పి.వై. 04 అంకెతో వచ్చు బండ్లు మన బజారులో చౌకగా కనిపించును. మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ప్రకారము ఒక రాష్ట్రపు బండిని వేరొక రాష్ట్రమున 12 నెలలకు మించి ఉంచినచో ఇచ్చటి అంకెకు దరఖాస్తు చేయవలెను, పన్ను కట్టవలెను. ఆ ఖర్చును ముందే ధరలో తగ్గించి అడుగుడు. సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు, పిదప పునరుద్ధరణ. ఫారము 29, 30 సంతకములు చేయించి ఊరకుండరాదు. పేరు మారువరకు ప్రమాదబాధ్యత రిజిస్టరైన యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అమ్మువానికిని అది అవసరమే. బ్యాంకు అప్పు తీరినను ఆర్.సి.పై దాని పేరు నిలిచియున్నచో ఫారము 35 కోరవలెను. బీమాను 14 దినములలో తమ పేరునకు మార్పించుకొనవలెను. అమ్మినవాని నో క్లెయిమ్ బోనసు కొన్నవానికి రాదు.

విద్యుత్ కారు సంగతేమని విద్యార్థులడుగుదురు. దినమునకు 14 కిలోమీటర్లకు దానికంటె తగినది లేదు, ఇంట ఛార్జింగునకు తావున్నచో. కాని పాత విద్యుత్ కారులో ధరయంతయు బ్యాటరీదే. దాని ఆరోగ్యము ఎంత శాతమో సర్వీసు కేంద్రమునుండి వ్రాతమూలకముగా తీసికొనక, వారంటీ ఎంతకాలము మిగిలెనో, అది క్రొత్త యజమానికి వర్తించునో లేదో తెలిసికొనక బేరము పెట్టరాదు.

మా డీజిలు కారును వారమునకు నాలుగుసార్లు విశాఖపట్నము వెళ్లివచ్చు ఒక వ్యాపారికి అమ్మితిమి. వడపోత చరిత్రయంతయు చెప్పి, బిల్లులు చేతికిచ్చితిమి. ఆయన రూ. 40,000 తగ్గించి ఇచ్చెను. మేము మారు పలుకలేదు. ఇప్పుడు ఆయన బండిలో దీపము వెలుగుట లేదట. మేము 62,000 తిరిగిన చిన్న పెట్రోలు కారొకటి, ఒకే యజమానిది, సర్వీసు పుస్తకముతో సహా కొంటిమి. ఆదివారము ఉదయము పిల్లలనెక్కించుకొని వంతెన దాటి కొవ్వూరు మీదుగా నిడదవోలు వరకు పోయి వచ్చెదము. బ్యాటరీ నిండును, ఆయిలులోని నీరు ఆవిరియగును. పిల్లలు మాత్రము అది తమకొరకేనని అనుకొనుచున్నారు.