వడ్ల తేమ మీద పరిశోధన చేయబోయే అబ్బాయికి

హనుమకొండ

చి. శ్రీకర్‌కు,

నీ ఉత్తరం అందింది. పీహెచ్‌డీకి నిన్ను తీసుకోవడానికి ఇద్దరు గైడ్‌లు సిద్ధంగా ఉన్నారనీ, ఒకరిది ధాన్యం ఆరబెట్టడం, ఇంకొకరిది అధునాతన పదార్థాలు అనీ రాశావు. మనసు రెండోదాని మీదే ఉందన్నావు. వడ్లు ఎండబెట్టడానికి కెమికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ ఎందుకని స్నేహితులు అంటున్నారట. నువ్వు వడ్ల వైపే వెళ్లు నాన్నా. పదార్థాల విద్య పోతుందని భయపడకు, అదంతా వడ్లగింజలోనే నీకు ఎదురవుతుంది.

బియ్యపు గింజలో ఎక్కువ భాగం స్టార్చ్. స్టార్చ్ ఒక పాలిమర్. మిగతా పాలిమర్లకు ఉన్నట్టే దానికీ గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత ఉంటుంది. దానికి దిగువన గింజ గాజులా బిరుసుగా, ఎగువన రబ్బరులా మెత్తగా ప్రవర్తిస్తుంది. తేమ తగ్గేకొద్దీ ఆ ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. వేడిగాలి తగిలిన గింజకు ముందు పైపొర ఆరుతుంది, నడుమ తేమ అలాగే నిలుస్తుంది. ఆ స్థితిలో చల్లార్చామంటే పైపొర గాజు స్థితికి వెళ్లిపోతుంది, నడిభాగం ఇంకా రబ్బరు స్థితిలోనే ఉంటుంది. ఒకే గింజలో రెండు భాగాలు రెండు తీరుల్లో కుంచించుకుంటే గింజ పగలక ఏమవుతుంది? ఆ పగులు వడ్ల మీద కనబడదు, మిల్లులో పాలిష్ పట్టేటప్పుడు నూకై బయటపడుతుంది. అమెరికాలోని ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో సీబెన్‌మోర్గన్ బృందం 2000 ప్రాంతంలో పాలిమర్ల శాస్త్రంలోని ఈ ఆలోచనను వడ్లు ఆరబెట్టడానికి వర్తింపజేసింది. వేడి మీదున్న గింజను వెంటనే చల్లార్చకుండా కొన్ని గంటలు అదే వేడిలో ఉంచితే లోపలి తేమ సర్దుకుంటుందనీ, పగుళ్లు తగ్గుతాయనీ చూపించింది. దాన్ని టెంపరింగ్ అంటారు. ఆ పేపర్లు చదివితే, నువ్వు వెళ్దామనుకుంటున్న ల్యాబ్‌లోని పాఠాలే అక్కడ కనిపిస్తాయి.

మన ఉత్తర తెలంగాణలో ఈ పగులు ఇంటింటి బాధ. యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో కోతకొస్తాయి. వాటిని రా రైస్‌గా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది. అందుకే మిల్లర్లు వడ్లను ఉడకబెట్టి బాయిల్డ్ రైస్ చేస్తారు, ఉడికినప్పుడు స్టార్చ్ జిగురై పగుళ్లు అతుక్కుంటాయి. 2021-22లో బాయిల్డ్ రైస్ తీసుకోబోమని కేంద్రం అంటే ఇక్కడ ఎంత రభస జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. అందరూ ధర గురించీ, కోటా గురించీ మాట్లాడారు. గింజలోని పగులు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. అది మాట్లాడాల్సింది మనం, అంటే ఇంజనీర్లం.

తేమ గింజను ఎలా పట్టుకుని ఉంటుందన్న ప్రశ్న కూడా నిన్ను పదార్థాల దగ్గరికే తీసుకెళ్తుంది. 1938లో బ్రునౌర్, ఎమ్మెట్, టెల్లర్ ఇచ్చిన బీఈటీ సమీకరణంతో పదార్థాల ల్యాబుల్లో నైట్రోజన్‌ను పట్టించి ఉపరితల వైశాల్యం కొలుస్తారు. ధాన్యం వాళ్లు నైట్రోజన్ బదులు నీటి ఆవిరిని తీసుకుని అదే సమీకరణం వాడతారు. దాన్ని పొడిగించిన జీఏబీ సమీకరణంతో, గాలిలో ఇంత తేమ ఉంటే వడ్లు ఏ శాతం దగ్గర నిలుస్తాయో లెక్కకడతారు. 2025 కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న కిటగావా, రాబ్సన్, యాఘీల లోహ-సేంద్రియ చట్రాల గురించి ఎంతో ఉత్సాహంగా రాశావు. యాఘీ బృందం 2017లో ఆ జాతి పదార్థంతో పొడిగాలిలోంచే నీళ్లు పట్టి చూపించింది. గొప్ప పని. అక్కడా నువ్వు గీసేది, గాలిలోని తేమకు పదార్థం ఎంత నీరు పడుతుందో చూపే ఈ వక్రరేఖనే.

అయితే ఏ పదార్థం మీద మోజు పడ్డా ముందు కాగితం మీద లెక్క వేయి. 22 శాతం తేమతో 100 కిలోల వడ్లు తీసుకుందాం. అందులో నీరు 22 కిలోలు, పొడి పదార్థం 78 కిలోలు. సర్కారు కొనుగోలులో తేమ 17 శాతం దాటకూడదు, నెలల తరబడి నిల్వ చేయాలంటే 14కు దించాలి. 17కు రావడానికి 6 కిలోల నీరు పోవాలి, 14కు రావడానికి మొత్తం 9.3 కిలోలు. కిలో నీరు ఆవిరవడానికి దాదాపు 2.4 మెగాజౌళ్లు కావాలి కాబట్టి కనీస ఖర్చు సుమారు 22 మెగాజౌళ్లు. అవే వడ్లను ఆడిస్తే దాదాపు 20 కిలోల ఊక వస్తుంది. కిలో ఊకలో 13 మెగాజౌళ్ల వేడి ఉందనుకున్నా మొత్తం 260. డ్రైయర్‌లో సగానికి పైగా వేడి వృథా అయినా ఇంకా బోలెడు మిగులుతుంది.

మరి రైతు రోడ్డు మీద ఎందుకు ఆరబోస్తున్నాడు? ఊక మిల్లులో ఉంది, పచ్చి వడ్లు కల్లంలో ఉన్నాయి. తేమ 17కు దిగితేగానీ వడ్లు మిల్లుకు కదలవు. పూర్వం కోసిన పంట పొలంలోనే కొన్నాళ్లు ఎండి, కుప్పపడి, తీరిగ్గా నూర్పిడికి వచ్చేది. ఇప్పుడు హార్వెస్టర్ ఒక్క పూటలో కోసి పచ్చి గింజను ట్రాక్టర్‌లో పోస్తుంది. ఊరి వడ్లన్నీ ఒకే వారంలో ఐకేపీ కొనుగోలు సెంటర్‌కు చేరతాయి. రాత్రి వాన పడితే పట్టాలు కప్పుకుంటూ కాపలా కాయాలి, తడిసిన అడుగు వడ్లు మొలకెత్తుతాయి, తరుగు కింద కిలోలు పోతాయి. ఏ పరిశోధన చేసినా ఊకకూ పచ్చి వడ్లకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని మనసులో పెట్టుకుని చెయ్యి. రోజుకు ఎన్ని టన్నులు వస్తాయి, కరెంటు ఎంతసేపు ఉంటుంది, ఊకను కల్లం దగ్గరికి తేవడానికి ఎంతవుతుంది అన్నవి నీ థీసిస్ మొదటి అధ్యాయంలోనే రావాలి.

ఇప్పుడు నీకిష్టమైన, తేమను పీల్చుకునే జియోలైట్ సంగతి. అది తన బరువులో దాదాపు అయిదో వంతు నీటిని పట్టగలదు. 9.3 కిలోల నీటికి 45 కిలోలకు పైగా జియోలైట్ కావాలి, అంటే వడ్ల బరువులో దాదాపు సగం. దాన్ని మళ్లీ వాడాలంటే 200 డిగ్రీలు దాటించి వేడిచేయాలి, పట్టుకున్న నీటిని వదిలించడానికి మామూలు ఆవిరి కన్నా ఎక్కువ శక్తి పోతుంది. కాబట్టి తిండిగింజలకు అది పనికిరాదని నా అభిప్రాయం. విత్తనాలకు మాత్రం బంగారం లాంటిది. వేడి తగలకుండా ఆరబెట్టవచ్చు, మొలకశక్తి చెడదు. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే నిల్వకాలం రెట్టింపవుతుందని హారింగ్టన్ చెప్పిన సూత్రం 5 నుంచి 14 శాతం మధ్య బాగానే నిలిచింది. దేశంలో విత్తన పరిశ్రమకు పెద్ద కేంద్రమైన హైదరాబాద్ పక్కనే ఉండి ఈ పని చేయకపోతే ఎలా?

నా మనసు మాత్రం ఊక మీద ఉంది. ఊక కాలిస్తే అయిదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికా. 700 డిగ్రీల లోపు కాలిస్తే ఆ సిలికా స్ఫటికం కాకుండా చురుగ్గా ఉంటుంది. వేడి మీరితే క్రిస్టోబలైట్‌గా గడ్డకడుతుంది, అది ఊపిరితిత్తులకు కూడా చేటు. 1975లోనే లీ, కట్లర్ అనే ఇద్దరు ఊక నుంచి సిలికాన్ కార్బైడ్ చేసి చూపించారు. బూడిదను క్షారంలో కరిగించి, ఆమ్లంతో తటస్థం చేస్తే సిలికా జెల్ వస్తుంది. 120, 150 డిగ్రీల్లోనే అది తేమ వదిలేస్తుంది గనక మిల్లు బాయిలర్ నుంచి వృథాగా పోయే వేడి చాలు. మిల్లుల వెనుక గుట్టలుగా పడి గాలికి ఊళ్ల మీదికి ఎగిరే బూడిదతో విత్తనాలు ఆరబెట్టే జెల్ చేయగలవా? ఎన్నిసార్లు వాడితే దాని పట్టు సన్నగిలుతుంది? కిలోకు ఎంత పడుతుంది? ఇద్దరు గైడ్‌ల దగ్గరా కలిసి చేయదగ్గ థీసిస్ ఇది. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడుగు.

పద్ధతి గురించి ఒకటి రెండు మాటలు. ధాన్యం ఆరబెట్టడంలో వందల పేపర్లు ఒకే దారిలో నడుస్తాయి. పల్చటి పొరగా ఆరబెట్టి, 1949లో పేజ్ మొక్కజొన్నకు రాసిన సమీకరణంలో రెండు స్థిరాంకాలు కుదిర్చి, సరిపోయిందని ముగిస్తారు. ఆ స్థిరాంకాలకు భౌతికమైన అర్థం లేదు, ఇంకో డ్రైయర్‌కు అవి పనికిరావు. అలాంటిది రాయకు. 1921 నాటి లూయిస్ పేపర్, 1929 నాటి షెర్వుడ్ పేపర్లు దగ్గర పెట్టుకుని చదువు, నీరు గింజలోంచి ఏ దారిన బయటికి వస్తుందో వాళ్లు ఆలోచించిన తీరు చూడు. ముంబైలో చదివి కెనడా వెళ్లిన అరుణ్ ముజుందార్ 1978లో మాంట్రియల్‌లో మొదలుపెట్టిన అంతర్జాతీయ డ్రైయింగ్ సదస్సుల వ్యాసాలు కూడా వెతుకు, ఈ రంగం ఎంత విశాలమో తెలుస్తుంది.

తేమ శాతం రాసిన ప్రతిచోటా తడి బరువు మీదా, పొడి బరువు మీదా అన్నది తప్పక రాయి. తడి లెక్కలో 22 అంటే పొడి లెక్కలో 28.2. ఈ తేడా చూసుకోక చెడిన థీసిస్‌లు ఉన్నాయి. సెంటర్లో వాడే మీటరు నీటిని నేరుగా కొలవదు, గింజ విద్యుత్ గుణాన్ని బట్టి అంచనా వేస్తుంది. గింజ వేడిని బట్టీ, వరి రకాన్ని బట్టీ ఆ అంచనా మారుతుంది. నీ కొలతలన్నీ ఓవెన్‌లో ఆరబెట్టి తూచి సరిచూసుకో.

ఈ యాసంగి కోతలకు మీ నాన్నతో పాటు సెంటర్‌కు వెళ్లు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం కుప్ప చేశాక ఒకసారి గింజ నమూనాలు గట్టిగా మూతపడే డబ్బాల్లో తీసుకో. రైతు పేరు అక్కర్లేదు గానీ రకం, కోసిన రోజు, ఆరబోసిన మందం, గాలి ఉష్ణోగ్రత రాసుకో. వాటిని తీసుకుని ఇక్కడికి రా, ఓవెన్ దొరికేలా నేను చూస్తాను. గైడ్‌కు జవాబు మాత్రం ఈ వారంలోనే పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ